మెరిసే వైపు

పాంగి చిలకమ్మ ముఖం కన్నా ఆమె చెయ్యి నాకు బాగా తెలుసు.

చింతపల్లి సంతలో పసుపు బేరం నోటితో జరగదు. కొనేవాడి చెయ్యీ అమ్మేవారి చెయ్యీ ఒక తువ్వాలు కింద కలుసుకుంటాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ రెండు కలిపి నొక్కితే ఎంత అన్నది ఆ ఇద్దరికే తెలిసిన భాష. పైన ముఖాలు మాత్రం వానల గురించీ కోడళ్ళ గురించీ మాట్లాడుకుంటూ ఉంటాయి. పక్కన నిలబడ్డ వ్యాపారికి ధర తెలియకూడదు, అంతే. ఈ విద్య నేర్పుతూ మా నాన్న ఒక్కటే చెప్పాడు: "నోరు అబద్ధమాడుతుందిరా, వేలు ఆడలేదు. వేలు వణికిందంటే ధర దించు."

చిలకమ్మ వేలు ఎప్పుడూ వణకలేదు. కొండపోడు తవ్వి తవ్వి కణుపులు తేలిన వేళ్ళు. ధర నచ్చకపోతే నా అరచేతిలో గోరు దించేది. పైన నవ్వుతూనే ఉండేది. నేను అనకాపల్లి బెల్లం వ్యాపారిని, పేరు మద్ది సత్యలింగం. బెల్లంతో పాటు ఏజెన్సీ పసుపూ మిరియాలూ కొనేవాణ్ణి. సరుకులో తేమ ఉంటుంది, ఆరాక బరువు తగ్గుతుంది, కాబట్టి ఆ తగ్గేదేదో ముందే కోసుకుంటాం. దాన్ని తరుగు అంటాం. ఎండి గలగలలాడే పసుపుకి కూడా నేను తరుగు తీసేవాణ్ణి. "నీ తరుగు తగలెయ్య, ఇది ఎండిపోయిన కొమ్మురా సావుకారీ. నువ్వొకడివే ఇక్కడ తడిగున్నావు" అనేది చిలకమ్మ. సంతంతా నవ్వేది. తరుగు మాత్రం తీసేవాణ్ణి.

తర్వాత సముద్రాల అవతల ఎక్కడో అగ్నిపర్వతం పేలి, దాని బూడిద ఆకాశానికెక్కింది. ఎండ పలచబడింది. మొదటి ఏడు లంబసింగిలో మంచు కురిస్తే జనం కార్లేసుకుని చూడ్డానికి వెళ్ళారు. రెండో ఏడు లారీలు తప్ప కార్లు వెళ్ళడానికి దారి లేదు. మూడో ఏటికి కొండ మీద కాఫీ తోటలు నల్లబడి పోయాయి, కొండవాగులు, అక్కడి మాటలో గెడ్డలు, గడ్డకట్టాయి, అనకాపల్లిలో చెరకు ఎర్రబారి నిలువునా చచ్చింది. నా గోదాంలో మిగిలింది ఎవరూ కొనని నల్లబెల్లం గుట్టలు మాత్రమే.

ఒకరోజు మా ఆవిడ కామేశ్వరి గోదాం గుమ్మంలో నిలబడి, "ఈ నల్లబెల్లం నాకిస్తారా?" అంది.

"దేనికి?"

"కాల్చడానికి."

కామేశ్వరి విశాఖపట్నంలో ఫిజిక్సు పరిశోధన చేసేది. చలికి కరెంటు చాలక వాళ్ళ ప్రయోగశాల మూతపడింది. అక్కడి సామానంతా మా లారీలోనే తెచ్చి గోదాంలో దించుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె చదువు ఏమిటో నేను అడగలేదు, నా తరుగు ఏమిటో ఆమె అడగలేదు. అలా బాగానే నడిచింది.

బెల్లాన్ని గాలి తగలకుండా మాడ్చి, ఆ మసిని నూలుగుడ్డకు ఒక వైపు ఎక్కించింది. రెండో వైపు వెండిరంగు పూత. నడుమ ఉల్లిపొర కన్నా పలచని పొర ఒకటి. ఆమె చదువంతా ఆ పొరలోనే ఉంది. చేపల బజారు నుంచి రెండు ఐసు దిమ్మలు తెప్పించి గోదాం ముందు పలచటి ఎండలో పెట్టింది. ఒకదాని మీద గుడ్డను నలుపు పైకి పరిచింది. రెండోదాని మీద వెండి పైకి.

నేను టీ తాగి వచ్చేసరికి మొదటి దిమ్మ సగమైంది. కింద నీళ్ళు కాలవ కట్టాయి. రెండోది చెక్కుచెదరలేదు సరికదా, గుడ్డ దానికి అతుక్కుపోయింది. లాగితే కరకర చప్పుడైంది.

"వేడి దీంట్లోంచి ఒక దిక్కుకే నడుస్తుందండీ. నలుపులోంచి దూరుతుంది, వెండిలోంచి బయటపడుతుంది. వెనక్కి రాదు. తిరగేస్తే ఎండ సోకదు, పైగా కిందున్న దాంట్లో ఏ కాస్త వేడున్నా తోడి గాలిలో పారబోస్తుంది."

"వన్ వే రోడ్డన్నమాట."

"రోడ్డే. కాకపోతే వన్ వేలో మీ లారీలు ఎదురొస్తాయి, ఇది రాదు."

ఆ ఐసు నీళ్ళు ఆమె గ్లాసులో పట్టి నా చేతికిచ్చింది. తాగుతూనే నాకు కొండ కనబడింది. చుట్టూ మోకాలి లోతు మంచు, తాగడానికి చుక్క లేదు. కట్టెలు తడిసి మండవు. మంచు నమిలి పిల్లలు కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నారని పైనుంచి వచ్చే లారీల వాళ్ళు చెబుతున్నారు. వాలు మీద ఈ గుడ్డ పరిచి, కింద వెదురు దోనె పెడితే చాలు. ఇంటికొక గుడ్డ. ఎన్ని ఇళ్ళు! వ్యాపారికి సరుకు మీద నమ్మకం, దయ, ఆశ మూడూ ఒకేసారి పుట్టే రోజులు అరుదు. ఆ రోజు నాకు పుట్టాయి. ఏది ఎంత అని అప్పుడు తూచి చూడలేదు.

కామేశ్వరి రెండు షరతులు పెట్టింది. నలుపు వైపు అంచు పొడవునా ఎర్రదారం కుట్టాలి, ఏ వైపు పైకి ఉండాలో గుడ్డివాడి చేతికైనా తెలిసేలా. రెండోది, మనుషుల మీద కప్పకూడదు. "మనిషి ఒంటి మీద నేను పరీక్షించలేదు. ఇది మంచు కోసం, అంతే."

"కుట్టడానికి మనుషులేరీ? రేపో మాపో ఘాట్‌రోడ్డు మూసుకుపోతుంది. దారం కోసం ఆగితే సరుకు మే నెలలో చేరుతుంది. నోరుంది కదా, చెప్తాను."

"అందరికీ చెప్తారా?"

"అందరికీ."

లారీకెక్కించే ముందు గుడ్డలన్నీ నేనే దగ్గరుండి మడతపెట్టించాను. మడతలో మంచి వైపు పైకి ఉండాలి. అది పట్టుచీరకైనా అంతే, గోనెసంచికైనా అంతే. ఎవరూ నేర్పక్కర్లేదు. నలుపు వైపు మాడిన మూకుడులా ఉంది. వెండి వైపు పెళ్ళిపందిట్లో అద్దంలా ఉంది. వెండి పైకి పెట్టించాను.

సీకాయగరువు చింతపల్లికి పైన, లారీ ఆగిపోయిన చోటు నుంచి ఇంకా నడవాలి. చిలకమ్మ ఊరు. మూటలు మోయించుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఊరి ఆడవాళ్ళు గెడ్డ మీద గునపంతో మంచు పగలగొడుతున్నారు. చిలకమ్మ నన్ను చూసి గునపం ఆపింది.

"పసుపు నేదు, మిరియం నేదు. ఇంకేటి కోసుకుపోతావని వొచ్చినావు సావుకారీ?"

"ఈసారి కొనడానికి కాదు చిలకమ్మా, అమ్మడానికి."

"మా కాడ కొనీదానికేటుంది, మంచు తప్ప."

"ఆ మంచుకే."

వాలు మీద గుడ్డ పరిచాను, నలుపు పైకి. ఎండ కంటికి ఆనీ ఆననట్టుంది. జనం చుట్టూ చేరి నవ్వుకున్నారు. "నల్ల కంబళి ఏసి మంచుకి సలి తీరుస్తన్నాడు" అన్నాడెవరో. కాసేపటికి దోనెలో టిక్కుమని ఒక చుక్క పడింది. మరొకటి. తర్వాత దారగా సాగింది. నవ్వులు ఆగిపోయాయి. చిలకమ్మ దోసిలి పట్టి తాగలేదు. గిన్నె తెప్పించి, నిండాక ఇంట్లోకి పంపింది. ఆమె కోడలు మొత్తి పురిటి మంచం మీద ఉంది, ఆడపిల్ల పుట్టి నాలుగు రోజులైంది. బాలింతకు తాగడానికి సరిపడా నీళ్ళు లేక పాలు పడటం లేదు.

"ముందు దానికి పట్టండి. గెడ్డ కాడి మురికి ఐసు ఇంక నాను దాని నోట్లో పొయ్యను" అంది చిలకమ్మ.

నాకు గర్వమనిపించింది. అబద్ధమెందుకు.

బేరానికి కూర్చున్నాం. తువ్వాలు బదులు చిన్న గుడ్డముక్క ఒకటి మా చేతుల మీద కప్పాను, నలుపు పైకి. సరుకు తన గొప్ప తానే చెప్పుకుంటుందని. కింద మా రెండు చేతులూ పొయ్యి పక్కన ఉన్నట్టు వెచ్చబడ్డాయి. చిలకమ్మ ఏ వేలూ నొక్కలేదు. కళ్ళు మూసుకుని అలాగే ఉంది. గడ్డకట్టిన వేళ్ళలోకి రక్తం తిరిగి రావడం నా చేతికే తెలిసింది.

"ఇది కప్పుకోవొచ్చేటి?" అంది.

కామేశ్వరి మాట నాకు గుర్తు లేకపోలేదు. నీళ్ళకైతే ఇంటికొకటి చాలు. కప్పుకోవడానికైతే మనిషికొకటి. ఆ లెక్క తలలో దానంతటదే అయిపోయింది, తరుగు తీసే అలవాటులా.

"కొన్నాక నీదే కదా చిలకమ్మా. నీ ఇష్టం" అన్నాను.

అవునని అనలేదు, కాదనీ అనలేదు. వ్యాపారంలో అలాంటి మాటకి ఎంతో విలువ ఉంది. ఎవరూ రేపు వచ్చి కాలర్ పట్టుకోలేరు. ఆపైన, చీరల కొట్టులో కుర్రాడు చీర తన భుజం మీదే వేసుకుని చూపించినట్టు, ఒక గుడ్డ మడత విప్పి నా ఒంటికి చుట్టుకున్నాను. మడతలో ఎలా ఉందో అలాగే, వెండి బయటికి. మెత్తటి నలుపు వైపు నా చొక్కాకి తగులుతోంది. "ఓలబ్బో, సావుకారి పెళ్ళికొడుకయ్యాడు" అని ఆడవాళ్ళు అరిచారు. నేను అటూ ఇటూ తిరిగి చూపించాను. ఆ కాసేపట్లో నాకు చలి వెయ్యలేదు. లోపల రెండు స్వెట్టర్లున్నాయి.

తెచ్చినవన్నీ అక్కడే, వచ్చే పంట మీద అప్పుకి, అయిపోయాయి.

ఇంటికొచ్చాక కామేశ్వరి పెసరట్టు వేస్తూ అడిగింది. "ఏ వైపు ఎటుండాలో చెప్పారా?"

"నీళ్ళకి నలుపు పైకని చేసి చూపించాను."

"కప్పుకోవద్దని చెప్పారా?"

"వాళ్ళకి నీళ్ళే పండగ. గిన్నెలు పట్టుకుని వరస కట్టారు, చూడాల్సింది నువ్వు. బాలింత తాగింది మొదట." అంతా నిజమే. ఆమె అడిగినదానికి మాత్రం జవాబు కాదు. అట్టు తిరగేస్తూ కామేశ్వరి మురిసిపోయింది. ఆమె కళ్ళు తడవడం చూసి నేను పళ్ళెంలోకి చూసుకున్నాను. రెండో విడత గుడ్డలు మొదలుపెట్టమన్నాను.

కబురు తెచ్చింది కొండకి ఉప్పూ కిరసనాయిలూ తోలే డ్రైవరు అప్పలకొండ. గోదాం ముందు బీడీ వెలిగించుకుంటూ మామూలుగానే చెప్పాడు. "మీ పసుపు ముసల్ది లేదూ, సీకాయగరువుది, దాని చేతివేళ్ళు తీసేశారండి నర్సీపట్నం ఆస్పత్రిలో. చలికి కుళ్ళిపోయాయంట. గెడ్డలో జారి పడిపోనానని చెప్పిందంట డాక్టరుకి."

"ఏ చెయ్యి?"

"రెండూనండి."

కామేశ్వరి లోపల్నుంచి విన్నది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "గెడ్డలో పడితే కాళ్ళు తడుస్తాయి, బట్టలు తడుస్తాయి. చేతివేళ్ళు ఒక్కటే ఎలా పోతాయి అప్పలకొండా?" అంది. అతను భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న కామేశ్వరి నన్ను గోదాం వెనక ఐసుగదిలోకి పిలిచింది. గుడ్డలను పరీక్షించడానికి కట్టించుకున్న గది అది. లోపల ఊపిరి పొగలా బయటికొస్తోంది.

"చెయ్యి ఇలా ఇవ్వండి." నా కుడిచేతి చుట్టూ గుడ్డ చుట్టింది. వెండి లోపలికి. గదిలో ఎండ లేదు, అయినా చెయ్యి చల్లబడలేదు. నా ఒంటి వేడి నా దగ్గరే ఉండిపోయింది. నాకు లోలోపల పెద్ద బరువు దిగినట్టయింది. "చూశావా, మంచి దుప్పటే! మనిషికి మేలే చేస్తుంది" అన్నాను.

ఆమె దాన్ని విప్పి, తిరగేసి చుట్టింది. నలుపు లోపలికి.

మొదట ఏమీ తెలియలేదు. మెత్తగా హాయిగా ఉంది. కాసేపటికి వేళ్ళ కొసల్లో చీమలు పాకినట్టయింది. చలేస్తోందని, ఎవరైనా చేసే పనే నేనూ చేశాను, గుడ్డను గట్టిగా పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నకొద్దీ లోపల వేడిని అది తోడేస్తోంది. చెయ్యి నాది కాకుండా పోతోంది.

"తీసెయ్ కామేశ్వరీ."

"తీస్తాను. మీరు అడిగితే తియ్యడానికి నేనున్నాను." ఆమె విప్పింది. నా వేళ్ళు మైనంలా ఉన్నాయి. వాటిని తన చంకలో పెట్టుకుని వెచ్చబెడుతూనే అంది, "ఆవిడ తెలివైంది అంటారు కదా మీరు. నీళ్ళకి నలుపు పైకని కళ్ళారా చూసింది. మరి తిరగేసి ఎందుకు కప్పుకుంది?"

"ఏమో."

ఆమె కొత్త గుడ్డ ఒకటి తీసి నా ముందు పడేసింది. "మడతపెట్టండి."

నేను దాని వంకే చూశాను. నా చేతులు దాన్ని తీసుకున్నాయి, దులిపాయి, అంచుకి అంచు కలిపాయి. నేను ఆపుదామనుకున్నాను. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు చేతుల్లో ఉంటుంది. మడత పూర్తయ్యేసరికి బల్ల మీద వెండి తళతళలాడుతోంది.

కామేశ్వరి ఆ మడత వైపు చూసింది. తర్వాత నా వైపు. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే ఆ తిట్టుకో ధర కట్టి చెల్లుబెట్టేసేవాణ్ణి. ఆమె తిట్టలేదు. ఎర్రదారం ఉండలు సంచిలో వేసుకుని, "పదండి. కుట్టడానికి నేనూ వస్తాను. చెప్పడం మాత్రం మీ పని" అంది.

నష్టమొస్తే వచ్చే పంటకి పూడ్చుకోవచ్చు. పోటీవాడు ముంచితే మరో చోట తేలవచ్చు. నేను ఎన్నో చూశాను. కానీ ఆ కొండదారిలో నాకు పట్టుకున్నది సిగ్గు. దాన్ని ఖాతాలో ఏ పక్క రాయాలో తెలియలేదు. మోకాళ్ళ లోతు మంచులో కామేశ్వరి ముందు నడుస్తోంది, వెనక నేను. ఆమె ఒక్కసారైనా వెనక్కి చూస్తుందేమోనని, చూడకూడదని, రెండూ కోరుకుంటూ నడిచాను.

సీకాయగరువులో గుడ్డలు వాలు మీద నల్లగా పరిచి ఉన్నాయి, దోనెల్లో నీళ్ళు కారుతున్నాయి. నీళ్ళకి ఎవరూ తప్పు చెయ్యలేదు. కప్పుకోవడానికి కొన్నవాళ్ళు చాలామంది నాలుగు రోజులకే పక్కన పడేశారట. "మెరుపే గానీ వెచ్చన నేదు" అన్నారు నవ్వుతూ. వాళ్ళందరికీ కింద బొంతలున్నాయి, పక్కన పడుకునే మనుషులున్నారు. కామేశ్వరి వాళ్ళ మధ్య కూర్చుని సూదిలో ఎర్రదారం ఎక్కించింది. నేను చిలకమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆమె గుమ్మంలో ఎండకి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో, పాతచీర ముక్క కింద. లోపల్నుంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది, గట్టిగా, ఆరోగ్యంగా.

"రా సావుకారీ. నిన్ను సూస్తే నాకు మొకం సెల్లతం నేదు" అంది.

ఆ మాట నేననాల్సింది.

"కోపం రాకుండా ఇను. నీ గుడ్డని నాను పాడుసేసినాను. బొంతలన్నీ మొత్తికీ సంటిదానికీ ఏసీసినాను. కొత్తగుడ్డ సంటిదానికి కప్పకూడదు గదా, పాతబట్టే కట్టాల, పురుడెల్లినదాకా. అందుకని కొత్తది నాను కప్పుకున్నాను. మెత్తన లోపలికెట్టుకుని, మెరుపు పైకెట్టుకుని. అలగే మడతలో ఉన్నాది, నువ్వూ అలగే కట్టుకుని సూపించినావు. కానీ మరి ఎక్కడో నానే తప్పు సేసినాను. సలేస్తంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను సేతుల్తోటి. పొద్దున్న నెగిసేసరికి ఏళ్ళు తెల్లబడిపోనాయి."

పురుడు వెళ్ళేదాకా పసిగుడ్డుకి కొత్తబట్ట కట్టకూడదు. ఆ ఆచారం ఒక్కటి అడ్డంపడకపోతే ఆ రాత్రి మెరిసే వైపు బయటికి పెట్టి ఎవరిని చుట్టేవారో నాకు అర్థమైంది. లోపల ఏడుస్తున్న ఆ గొంతును అప్పటిదాకా నేను మనిషిగా చూడనే లేదు. మనిషికొక గుడ్డ అన్న లెక్కలో తప్ప.

"డాక్టరుతో గెడ్డలో పడ్డానన్నావట" అన్నాను.

"మరేటనీది? కొత్త గుడ్డ వొల్ల అంటే పేపర్లో ఏస్తారు. నీ సరుకు ఎవలూ కొనరు. నువ్వు కొండెక్కడం మానేస్తావు. అప్పుడు మాకు నీళ్ళేవి? నా కోడలు తాగి బతికింది ఆ నీళ్ళే." ఆమె చీర ముక్క మోచేత్తో సర్దుకుంది. "ఇంకోటి కావాల నాకు. పాతది రక్తమయి పోనాది. ఊరికే ఒద్దు, బేరమే. తువ్వాలు తియ్యి."

"చిలకమ్మా..."

"తియ్యి సావుకారీ. ఊరికే తీసుకుంటే ముష్టి."

తువ్వాలు తీసి ఇద్దరి మధ్యా పరిచాను. చెయ్యి కింద పెట్టాను. ఆమె చెయ్యి వచ్చింది. బొటనవేలు ఉంది. చిటికెనవేలు సగం ఉంది. మధ్యలో ఎప్పుడూ నా అరచేతిలో గోరు దించే వేళ్ళున్న చోట గుడ్డ కట్టు. నా వేళ్ళు వాటి కోసం వెతికాయి, అలవాటుకొద్దీ.

పైన ఆమె ముఖం నవ్వుతోంది. "ఇంక నా కాడ పెద్ద ధరలు పలకవులే. సిన్న బేరాలే" అంది.

తువ్వాలు కింద ఈసారి వణికింది నా వేలు. మా నాన్న చెప్పినది ఆమెకీ తెలుసు. ఆమె నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఏటయింది నీకు?"

"అమ్మా" అన్నాను. ఇన్నేళ్ళలో ఆమెను ఎప్పుడూ అమ్మా అనలేదు. మా ఊళ్ళో ఆమె వయసు ముసలమ్మలని అమ్మా, మీరూ అంటాను. కొండ మీద ఎందుకో ఆ మాట నోటికొచ్చేది కాదు. "తప్పు మీది కాదమ్మా. మీరు నేను చూపించినట్టే కప్పుకున్నారు. అది తిరగబడ్డ వైపు. మెరిసేది బాగుంటుందని మడత అలా పెట్టింది నేను. మా ఆవిడ ఎర్రదారం కుట్టమంది, నేను కుట్టనివ్వలేదు. మనుషుల మీద కప్పొద్దంది, ఆ మాట మీకు చెప్పలేదు. మీరు అడిగారు కూడా. కప్పుకోవచ్చా అని అడిగారు. ఇంకా ఎక్కువ అమ్ముడవుతాయని, మీ ఇష్టం అన్నాను."

ఆమె చెయ్యి కదల్లేదు. లోపల పిల్ల ఏడుపు మానింది. మొత్తి పాలిస్తోంది కాబోలు.

"నీకు తెలుసా?" అంది చివరికి.

"వేళ్ళు పోతాయని తెలియదు. చెప్పాల్సింది చెప్పలేదని తెలుసు."

"నాను డాక్టరు బావుతో అబద్దమాడినాను. నీ కోసరం. నా కొడుకుతో కూడా అబద్దమాడినాను, నానే తిరగేసినానని. ఆడు నన్ను ఎర్రిముండ అన్నాడు. ఊరుకున్నాను."

ఎంతైనా ఇస్తానని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఎంత చవకగా ఉంటుందో నోట్లో ఉండగానే తెలిసింది. మింగేశాను.

చిలకమ్మ మిగిలిన బొటనవేలితో తువ్వాలు అంచు పట్టి లాగింది. అది జారి మంచులో పడింది. మా రెండు చేతులూ వెలుగులో బయటపడ్డాయి, ఆమెదీ నాదీ. వాకిలికి అవతల దారం కుట్టించుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. కామేశ్వరి సూది ఆగింది.

"ఇలగ కాదు. బేరం బయటే సేద్దారి, అందరూ ఇనీలాగ" అంది చిలకమ్మ, ఊరంతా వినేట్టు. "ముందు నాతో సెప్పింది ఈలందరికీ సెప్పు. ఎర్రిముండ ఎవలో నా కొడుకు ఇనాల."

చెప్పాను. మొదటిసారి కన్నా రెండోసారి కష్టమైంది. ఎవరూ అరవలేదు. గెడ్డ దగ్గర నుంచి వచ్చిన ఆమె కొడుకు గునపం పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు కాదు, తల్లి చేతుల వైపు చూశాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ సిగ్గు కూడా నేను తెచ్చి వాడికి అంటగట్టిందే.

"ఇప్పుడు నా ధర" అంది చిలకమ్మ. "నా సేతుల్తోటి బిందె ఎత్తలేను. గుడ్డ తియ్యలేను, ఎయ్యలేను. కొడుకు గెడ్డకెల్తాడు, కోడలు ఇంకా బాలింతే. మంచు కరిగి గెడ్డ పారినదాకా నువ్వు ఇక్కడుండి ఈ ఇంటికి నీళ్ళు మొయ్యి. నీ సేతుల్తోటి. కూలోడిని ఎట్టకు. ఎక్కువడిగినాననిపిస్తే బేరమాడు."

బేరమాడటానికి నా దగ్గర చాలా ఉన్నాయి. కింద గోదాం ఉంది, రెండో విడత సరుకు ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, ఊళ్ళో పేరుంది. పాతికేళ్ళుగా ఆమె చెప్పిన ఏ ధరకీ నేను మొదటి మాటకే ఒప్పుకోలేదు.

కామేశ్వరి వైపు చూశాను. ఆమె తల వంచుకుని దారం కొరికి తెంపింది, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

"సరేనమ్మా" అన్నాను.

ఎర్రదారం కుట్టిన మొదటి గుడ్డ తీసుకుని ఆ ఇంటి వాలు మీద పరిచాను. అంచు చేత్తో తడిమి, నలుపు పైకి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. దోనె కింద బిందె పెట్టి పక్కనే నిలబడ్డాను. నిండాక భుజానికెత్తుకున్నాను. నేను చిన్నప్పుడైనా బిందె మొయ్యలేదు. మంచులో కాలు జారింది, నీళ్ళు మెడ మీదుగా చొక్కాలోకి పోయాయి, గుమ్మం చేరేసరికి బిందెలో సగమే ఉంది.

చిలకమ్మ కూర్చున్నచోటి నుంచే బిందెలోకి వంగి చూసింది. నవ్విందని చెప్పలేను.

"తరుగు బాగా ఎక్కువున్నాది సావుకారీ" అంది. "ఇది లెక్కలోకి రాదు. ఎల్లి మల్లీ తే."

ఉన్న నీళ్ళు మొత్తి గిన్నెలో ఒంపి, ఖాళీ బిందె పట్టుకుని మళ్ళీ వాలు ఎక్కాను. ఎండకి మబ్బు అడ్డం వచ్చింది. దోనెలో చుక్క చుక్కగానే పడుతోంది.